నేను 'ఊ' అంటే ఒప్పుకున్నట్టు కాదు

ఆ రోజు నా నోట్లోంచి వచ్చిన మొదటి తప్పు మాటకు బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

శ్రీకాకుళం నుంచి పలాస వెళ్ళే బస్సు అది. నేను కండక్టర్ని. నరసన్నపేటలో జనం విరగబడి ఎక్కారు. గుమ్మం దగ్గర వేలాడుతున్నవాళ్ళని లోపలికి సర్దాలంటే "ముందుకు జరగండి" అనాలి. ఏళ్ళ తరబడి రోజూ అంటున్న మాటే. ఆ రోజు మాత్రం "ముందుకు ఉతకండి" అన్నాను.

"సబ్బెవులిస్తారమ్మా?" అని వెనకనుంచి ఎవరో అందుకున్నారు. ఇక నవ్వులే నవ్వులు.

నా నోరు ఎలాంటిదో మా డిపోలో అందరికీ తెలుసు. ప్రయాణికుడు ఒకటంటే నేను రెండంటాను. ఎంత గొడవైనా నవ్వించి చల్లార్చేస్తానని పేరు. అందుకే నేను కావాలనే అన్నాననుకున్నారు. కానీ ఆ మాట నేను అనుకోలేదు. అనుకోని మాట నా గొంతుతో, నా ధోరణిలో ఎలా వచ్చింది?

ముందు సీట్లో ఒక ముసలమ్మ టెక్కలి టిక్కెట్టు అడిగింది. ఆమెకు జవాబివ్వబోతే నాలుక ముద్దగా అయిపోయింది. చేతిలో టిక్కెట్ మెషీన్ జారి ఆమె ఒళ్ళో పడింది. కుడి చెయ్యి నాది కానట్టు వేలాడుతోంది.

"ఏటే గుంటా, ఏటైనాది నీకు?" అని ఆమె నా మొహంలోకి చూసి కేక పెట్టింది. "ఓరి నాయనో, మూతి వంకర తిరిగిపోతన్నాది, బండాపండి!"

మా డ్రైవరు నాయుడన్న బండి పక్కకి తీసి ఆపాడు. చాలాకాలంగా ఇద్దరం ఒకే బండి మీద డ్యూటీ చేస్తున్నాం. ఆయన నన్ను సొంత చెల్లెలిలా చూస్తాడు. వచ్చి నా మొహం చూశాడు. "సెల్లీ, ఏటమ్మా? సెప్పు" అన్నాడు. నాకు మాట రాలేదు. ఆయన మళ్ళీ అడగలేదు. జనం వైపు తిరిగి, "ఇంకెక్కడా ఆగీది నేదు. దిగాల్సినోల్లు టెక్కలిలో దిగండి" అని మళ్ళీ స్టీరింగ్ పట్టి, టెక్కలి ఆసుపత్రి ముందే ఆపాడు. మధ్యలో దిగాల్సినవాళ్ళు ఒక్కరు కూడా నోరెత్తలేదు. ఆ బస్సులో ఎవరెవరున్నారో నాకు తెలియదు. ఇది చదివితే వాళ్ళందరికీ నా దండాలు.

"ఎప్పుడు మొదలైంది?" అని అక్కడి డాక్టరు అడిగారు. నరసన్నపేటలో బండి ఎన్నింటికి ఆగిందో లెక్క చూసి నాయుడన్న టైం చెప్పాడు.

"టైం కరెక్టుగా చెప్పారు, మంచిదైంది. ఇది స్ట్రోక్. ఇంకా ఇంజెక్షన్ పనిచేసే విండో పీరియడ్‌లోనే ఉన్నారు. వెంటనే శ్రీకాకుళం తీసుకెళ్ళండి" అన్నారు డాక్టరు. అంబులెన్సులో వెనక్కి తెచ్చారు. సీటీ స్కాన్ తీశారు. "లెఫ్ట్ సైడ్ బ్రెయిన్‌లో క్లాట్ ఉంది. కరిగించే ఇంజెక్షన్ ఇస్తున్నాం" అని ఎవరో మా ఆయనకు చెబుతుంటే మంచం మీద వింటూనే ఉన్నాను. ప్రతి మాటా వినిపించింది, అర్థమైంది.

కాలు త్వరగానే కదిలింది. చెయ్యి కొంచెం కొంచెంగా కదిలింది. నోరే రాలేదు.

"మీ పేరు చెప్పండమ్మా" అన్నారు పెద్ద డాక్టరు.

నా పేరు నాకు తెలియకపోవడమేమిటి? రూతమ్మ. పుట్టిల్లు నౌపడ, ఉండేది అరసవల్లి వెళ్ళే దారిలో. అంతా లోపల ఉంది. చెబుదామని నోరు తెరిస్తే "ఊ" అని వచ్చింది. ఏ ఊరన్నారు. "ఊ". ఎంతమంది పిల్లలన్నారు. "ఊ". నోట్లో నాలుక లేదని మనం ఊరికే అంటుంటాం. నాకు నాలుక ఉంది, బాగానే తిరుగుతోంది. దానికి పని చెప్పేవాళ్ళే లేరు.

"దీన్ని అఫేజియా అంటారు" అని డాక్టరు మా ఆయనకు వివరించారు. "ఈవిడకి మతి పోలేదు. మీరనేది చాలావరకు అర్థమవుతుంది. చెప్పాలనుకున్నది లోపలే ఉంది. అది మాటగా తయారై బయటికి రావడం లేదు."

మా ఆయన ఇళ్ళకు రంగులు వేసే పని చేస్తారు. నెమ్మదస్తుడు. తలపాగా గుడ్డ చేతిలో నలుపుతూ, "మల్లీ వస్తాదాండీ?" అని అడిగారు.

"చాలామందికి వస్తుంది. ఎంత, ఎప్పుడు అని మాత్రం నేను చెప్పలేను."

ఆ ఆదివారం మా చర్చి నుంచి ఆడవాళ్ళు చూడ్డానికి వచ్చారు. ప్రార్థన చేసి, మంచం చుట్టూ నిలబడి పాట అందుకున్నారు. చిన్నప్పటినుంచీ పాడుతున్న పాట. నేనూ పాడాను! గొణగడం కాదు, మాట మాటా స్పష్టంగా, చివరి చరణం దాకా పాడాను. ఒళ్ళు జలదరించింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఏడ్చేశారు. పాట అయిపోగానే మా ఆయన ఆత్రంగా, "రూతూ, నీల్లు గావాలా?" అన్నారు. నీళ్ళు అనే ఒక్క మాట కోసం ఎంత తిప్పలు పడ్డానో. రాలేదు.

నౌపడలో ఉప్పు మళ్ళ దగ్గర మేస్త్రీగా పనిచేసే మా పెద్దన్నయ్య అక్కడే ఉన్నాడు. "పాట వస్తాది, మాట రాదేటి? ఒసే, ఏటి నాటకాలే ఇవి?" అన్నాడు. కోపం కాదది. పాట విని ఆశ పడ్డాడు, అంతలోనే ఆశ పోయింది.

మర్నాడు నాయుడన్న వచ్చాడు. కూర్చుని ఏం మాట్లాడాలో తోచక, పరధ్యానంగా "శ్రీకాకుళం..." అన్నాడు. నా నోరు దానంతటదే అందుకుంది. సింగుపురం, మడపాం, నరసన్నపేట, కోటబొమ్మాళి, టెక్కలి, పలాస. ఒక్క స్టాపు తప్పలేదు. నాయుడన్న కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు. "ఇంకేటి, వచ్చీసినాది! సెల్లీ, ఇప్పుడు మనమెక్కడున్నాం?" అన్నాడు. మేమున్నది శ్రీకాకుళంలో. ఇప్పుడే నా నోటితో అన్న ఊరు. నోరు తెరిచాను. "ఊ".

ఈ వింత ఏమిటో నాకు చెప్పింది స్పీచ్ థెరపీ అమ్మాయి. గుంటూరు వైపు పిల్ల, ఇక్కడ కొత్త. మొదటిరోజే మా ఆయన్ని బయట కూర్చోబెట్టింది. ఎందుకంటే నాకు మాట అందక తడబడగానే ఆయనే అందించేస్తున్నారు. పాపం, సాయం చేద్దామనే. ఆయన అందించే మాట నాకు కావాల్సింది కాకపోతే, నేను వెతుక్కుంటున్న మాట కూడా ఎగిరిపోయేది.

ఆ అమ్మాయి బొమ్మలు చూపించి పేరు చెప్పమనేది. గరిటె బొమ్మ చూపిస్తే "గిన్నె" అన్నాను. తప్పని నాకే తెలిసింది. నుదురు కొట్టుకున్నాను.

"కొట్టుకోకండమ్మా. దగ్గరి మాటే వచ్చింది" అంది. "గరిటె అనాలనుకున్నప్పుడు గిన్నె, చెంచా, కంచం అన్నీ ఒకేసారి లేస్తాయి. మీకే కాదు, నాకూ అంతే, అందరికీ అంతే. మామూలుగా మెదడు కావాల్సినదాన్ని ఉంచి మిగతావాటిని కూర్చోబెట్టేస్తుంది. తర్వాత ఆ మాటకు కావాల్సిన శబ్దాల్ని వరసలో పేర్చి నాలుకకు ఇస్తుంది. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది కాబట్టి మనకు తెలియదు. మీకు ఇప్పుడు కాస్త ఎక్కువ సేపు పడుతుంది. ఆ సేపు ఇవ్వకుండా తొందరపెడితే ఏది ముందు దొరికితే అదే వస్తుంది."

నాకు వెంటనే పలాసలో పండగ ముందురోజు మా బస్సు గుమ్మం గుర్తొచ్చింది. ఒక్క గుమ్మం, వందమంది జనం. కండక్టరు గుమ్మంలో నిలబడి ఉంటే ఒక్కొక్కరే ఎక్కుతారు. లేకపోతే మోచేత్తో పొడిచినవాడిదే సీటు. నా తలలో గుమ్మం దగ్గర కండక్టరు లేదు.

"మరి పాట? మరి నా స్టాపులు?" అని చేతులతో సైగ చేశాను. "అవి వెతుక్కునే మాటలు కావు. ఒకదాని వెనక ఒకటి తాడు కట్టినట్టు వస్తాయి. వాటికి దారి వేరు" అంది.

ఆ రోజు ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. ఎదురుగా ఇద్దరాడవాళ్ళు దేనికో పోట్లాడుకుంటున్నారు. మాటకు మాట, సామెతకు సామెత, మధ్యలో తిట్లు, మధ్యలో తన బిడ్డకు "అటెల్లకు" అని కేక, మళ్ళీ వదిలిన చోటే తిట్టు. ఎక్కడా తడుముకోవడం లేదు. నేను నోరు వెళ్ళబెట్టి చూశాను. ఎన్ని వేల మాటల్లోంచి ఏరుకుంటున్నారు! ఎంత వేగంగా! ఏరుకుంటున్నామని కూడా వాళ్ళకు తెలియదు. నేనూ అంతే కదా. ఒక చేత్తో టిక్కెట్టు కొడుతూ, వచ్చే స్టాపు అరుస్తూ, తాగొచ్చినవాడికి బుద్ధి చెబుతూ బతికాను. అదంతా నా గొప్ప అనుకున్నాను. ఇంత పెద్ద అద్భుతం నా తలలో రోజూ జరుగుతుంటే, ఆదివారం చర్చిలో ఎన్నిటికో స్తోత్రాలు చెప్పాను గాని దీనికి ఒక్కసారీ చెప్పలేదు. ఆ గొడవ ముగిసేదాకా కదలకుండా కూర్చుని విన్నాను.

నెమ్మదిగా మాటలు రావడం మొదలైంది. టెక్కలి అనాలంటే శ్రీకాకుళం నుంచి బయల్దేరి స్టాపులన్నీ మనసులో దాటుకుంటూ రావాలి. బుధవారం అనాలంటే ఆదివారం నుంచి మొదలుపెట్టాలి. ఎదుటివాళ్ళు ఆగితే చేరేదాన్ని. "ఊ, సెప్పు, సెప్పు" అంటే మధ్యలోనే దిగిపోయేదాన్ని.

ఒకరోజు థెరపీ అమ్మాయి ఒక కాయ బొమ్మ చూపించింది. చాలాసేపు తంటాలు పడి "ఆనపకాయ" అన్నాను. చెమటలు పట్టాయి. ఆ అమ్మాయి జాలిగా తల ఊపి, "పర్లేదమ్మా, ఇంకోసారి ప్రయత్నించండి. సొర..." అని అందించింది. నాకు ఒళ్ళు మండిపోయింది. బొమ్మ మీద వేలు పెట్టి, "ఆ! న! ప!" అని ఒక్కో అక్షరం గుద్ది చెప్పాను. బయటనుంచి మా ఆయన లోపలికి తొంగిచూసి, "అది ఆనపకాయేనండి మేడంగారూ, మా వైపలాగే అంతారు" అన్నారు. ఆ పిల్ల సిగ్గుపడి పకపకా నవ్వింది. స్ట్రోక్ తర్వాత నేను నెగ్గిన మొదటి వాదన అదే.

కానీ 'ఊ' మాత్రం నన్ను వదల్లేదు. కాఫీ కావాలా అంటే ఊ. తీరా తెచ్చాక తోసేస్తాను. నొప్పిగా ఉందా అంటే ఊ. నిజానికి నొప్పే లేదు. ఆ అమ్మాయే కనిపెట్టింది. "వద్దు అనుకున్నప్పుడు కూడా ఈవిడకి ఊ అనే వస్తోంది. ఎస్, నో ఇంకా రిలయబుల్ కాదు. ఊ అన్నాక ఆగి, మళ్ళీ అడగండి" అని మా ఆయనకు చెప్పింది. ఆయన సరేనన్నారు. ఇంటికొచ్చాక పొయ్యి, నీళ్ళు, మందులు, పనికి పరుగు. అడగడమే గొప్ప, రెండుసార్లు ఎవరు అడుగుతారు?

కొంత నిలదొక్కుకున్నాననుకునేసరికి ఫిట్స్ వచ్చాయి. మళ్ళీ ఆసుపత్రి, ఈసారి ఎమ్మారై. "పాత స్ట్రోక్ మచ్చ వల్ల. మందులు ఒక్కపూట కూడా మానకూడదు" అన్నారు. కళ్ళు తెరిచాక స్టాపులు చెప్పుకుని చూశాను. కోటబొమ్మాళి దగ్గర ఆగిపోయాను. ఆ తర్వాత ఏ ఊరో రాలేదు. నా రూట్లో నేనే తప్పిపోయాను. ఆ రోజు ఏడ్చినట్టు మా అమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదు.

ఫిట్స్ చూశాక మా అన్నయ్యకు భయం పట్టుకుంది. "ఇంకిది బస్సెక్కదు బావా" అన్నాడు మా ఆయనతో, నా ఎదురుగానే. "ఆరోగ్యం బాగునేదని రాసిచ్చేస్తే ఆ ఉద్యోగం గుంటకి రావొచ్చంట. ఆలస్యం సేస్తే అదీ ఉండదు." గుంటంటే మా అమ్మాయి. డిగ్రీ అయ్యి ఇంట్లో ఉంది. తప్పుడు ఆలోచన కాదు. మా మేలు కోరే చెప్పాడు.

నా వైపు తిరిగి, "ఏటే రూతూ, రాసిచ్చీద్దుమా?" అన్నాడు.

వద్దు. ఆ ఉద్యోగం నాది. బస్సు మీద నేనేమిటో అది తప్ప నాకింకేం మిగిలిందని? వద్దు.

"ఊ" అన్నాను.

తల అడ్డంగా ఊపాను. దిగులుతో ఊపుతున్నాననుకుని అన్నయ్య నా భుజం తట్టాడు. రాసి చూపిద్దామంటే మాటతో పాటే రాతా పోయింది. ఆ వారమే డిపోకు తీసుకెళ్ళారు.

మేనేజరు గది కిటికీ డిపో ఆవరణలోకి ఉంటుంది. మా ఆయన, అన్నయ్య, నేను లోపల నిలబడ్డాం. మేనేజరుగారు కాగితం చదివి, "అమ్మా, మీ ఇష్టపూర్వకంగానే కదా? చెబితే సంతకం పెట్టిద్దాం, నేను మీటింగ్‌కి వెళ్ళాలి" అన్నారు. గడియారం చూసుకున్నారు.

వద్దు, వద్దు అని లోపల గుండె కొట్టుకుంటోంది. నోరు తెరిచాను.

"ఊ."

కాగితం నా ముందుకు జరిగింది. అన్నయ్య నా ఎడం చేతిలో పెన్ను పెట్టాడు. ఏదో ఒక మాట, ఏ మాటైనా సరే, ప్రభువా, అనుకున్నాను.

"హోల్డాన్!"

గది దద్దరిల్లింది. బండి ఆపమని డ్రైవరుకు నేను రోజూ అరిచే మాట. నా పాత గొంతు, పలాస బస్సులో వెనక సీటు దాకా వినబడే గొంతు. కిటికీ అవతల వెనక్కి తీస్తున్న బస్సు కీచుమని ఆగిపోయింది. ఆ డ్రైవరు తల బయటపెట్టి, "ఎవులు? ఏటి, ఏటి తగిలినాది?" అని అరిచాడు.

అందరూ బిగుసుకుపోయారు. ముందుగా మేనేజరుగారే నవ్వారు. నా చేతిలోంచి పెన్ను తీసుకుని కాగితం పక్కన పెట్టి, ఎదురు కుర్చీ చూపించారు. "కూర్చోండమ్మా. మీటింగ్ తర్వాత చూసుకుంటాను. ఏం చెప్పాలో నిదానంగా చెప్పండి."

ఫ్యాను తిరుగుతోంది. అన్నయ్య ఏదో అందించబోతే మా ఆయన చెయ్యి పట్టి ఆపారు. ఎవరూ నా నోటికేసి చూడలేదు. లోపల తోపులాట కొంచెం తగ్గింది. ఒక్కోటి ఎక్కింది.

"నా... పని... నాకే."

"అయితే ఇయ్యొద్దేనేటే?" అన్నారు మా ఆయన, ఏడుస్తూ.

"ఊ" అన్నాను. ఆ ఒక్కసారి మాత్రం అది నిజంగా ఊ.

'వద్దు' అనే మాట మూడో రోజుకి వచ్చింది. మా ఆయన నాకు మారు అన్నం వడ్డించబోతుంటే దానంతటదే వచ్చేసింది. అంత చిన్న మాట కోసం డిపో దాకా వెళ్ళి బస్సు ఆపాల్సివచ్చింది. థెరపీ అమ్మాయికి ఈ సంగతి తెలిసి, "హోల్డాన్ మీరు వెతికిన మాట కాదు. ప్రమాదం అనిపించగానే వచ్చేలా మీ ఉద్యోగం దాన్ని అక్కడ పెట్టేసింది" అంది. ఆమె చెప్పింది అర్థమైంది. అయినా తలుచుకున్నప్పుడల్లా నాకు గగుర్పాటే. దేవుడు ఆ మాటని అక్కడ దాచి ఉంచాడని నేననుకుంటాను. ఆ అమ్మాయి నవ్వుతుంది, కాదనదు.

సెలవు అయ్యాక మళ్ళీ డిపోకు వెళ్తున్నాను. బస్సు ఎక్కే డ్యూటీ ఇవ్వలేదు, ఫిట్స్ వల్ల. ఆ బాధ ఉంది, లేదని చెప్పను. పాసులిచ్చే కిటికీ దగ్గర కూర్చుంటున్నాను. ఎడం చేత్తో రాయడం నేర్చుకున్నాను. లైనులో ఎవరైనా చిటపటలాడితే "ఆగు" అంటాను. ఆ మాట ఇప్పుడు బాగానే వస్తుంది. మా అమ్మాయి పరీక్షలు రాసుకుంటోంది. దాని ఉద్యోగం అది తెచ్చుకుంటుంది. ఇదంతా కొన్నాళ్ళపాటు రోజుకు కాస్త చొప్పున నేను చెబుతుంటే అదే రాసిపెట్టింది. మాటలు నావి, కామాలు దానివి.

ఇలాంటి మనిషి మీ ఇంట్లో ఉంటే ఒక్క పని చేయండి. మాట అందించకండి. ప్రశ్న ఒకటే అడగండి, అడిగి కూర్చోండి. ఊ అంటే దాన్ని పట్టుకుని లేచి వెళ్ళిపోకండి. కాసేపాగి అదే ప్రశ్న మళ్ళీ అడగండి. ముందొచ్చిన ఊ తోసుకొచ్చిన మాట. ఆ మనిషి నిజంగా చెప్పాలనుకున్నది ఇంకా దారిలో ఉంటుంది.